రొయ్యల చెరువులో ఆల్గే పెంచి డీజిల్ తీస్తామంటున్నారు, నమ్మొచ్చా? (సంతబొమ్మాళి, శ్రీకాకుళం జిల్లా)

తీరం కుర్రాడు (సంతబొమ్మాళి):

అన్నలూ, అక్కలూ, ఈ విషయం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఇంట్లో వారం నుంచి ఇదే గోల.

మాది నౌపడ దగ్గర. మా మావయ్యకి నాలుగెకరాల రొయ్యల చెరువులున్నాయి. ఒక పంటకి వైట్ స్పాట్ వైరస్, ఇంకో పంటకి ఈహెచ్‌పీ అనే పేగు జబ్బు, అవి తట్టుకుని నిలబడదామంటే అమెరికా సుంకాలు పెంచేసరికి కౌంటుకి రేటు పడిపోయింది. ఇక లాభం లేదని చెరువులు ఖాళీ చేసి ఎండబెట్టి వదిలేశాడు. సరిగ్గా ఆ టైములో ఇద్దరు వచ్చారు, బయోఫ్యూయల్ కంపెనీ అట. మీ చెరువుల్లో మైక్రో ఆల్గే (నీళ్ళని పచ్చగా చేసే, కంటికి కనపడనంత సన్న నాచు) పెంచండి, దాన్నించి నూనె తీసి డీజిల్ చేస్తాం, ఐదేళ్ళు మేమే కొంటాం, అగ్రిమెంట్ రాసిస్తాం అన్నారు. ఎకరానికి ఏడాదికి 55 వేల లీటర్ల నూనె అని బ్రోచర్లో రంగుల బొమ్మలతో వేసి ఉంది. పంట భూమి అక్కర్లేదు, ఉప్పు నీళ్ళు చాలు, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పెరుగుతుంది, కేంద్రం పాలసీలో కూడా ఉంది అంటున్నారు. కాకపోతే విత్తనం కల్చర్‌కి, చెరువు అడుగున పరిచే ప్లాస్టిక్ లైనర్‌కి, నీళ్ళు తిప్పే చక్రాలకి ముందు మనమే డిపాజిట్ కట్టాలి. ఆ మొత్తం ఇక్కడ రాయను గానీ, కట్టాలంటే మావయ్య మళ్ళీ అప్పుకెళ్ళాల్సిందే.

మావయ్యకి ఆశ పుట్టింది. "చెరువులో పచ్చనీళ్ళు ముదిరిపోకుండా ఇన్నాళ్ళూ మందులు కొట్టాం, ఇప్పుడు ఆ పచ్చనీళ్ళే కొంటామంటే ఇంకేటి కావాలి" అంటాడు. అత్తకి మాత్రం టెన్షన్. నన్ను నెట్‌లో చూసి చెప్పమన్నారు. నేను బీకాం చదివాను, ఈ సైన్సు నాకు తలకెక్కట్లేదు. ఆల్గే నుంచి నిజంగా నూనె వస్తుందా, వస్తే ఎకరానికి ఎంత, మన రెండు జిల్లాల్లో ఎవరైనా చేశారా, వాళ్ళని ఏం అడగాలి?

ఆల్గే ల్యాబ్ (పూసపాటిరేగ):

తమ్ముడూ, ఆల్గే పెంచడమే నా ఉద్యోగం, ఇక్కడి ఒక హేచరీలో, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే చోట. డీజిల్ కోసం కాదులే, రొయ్య పిల్లలకి మేత కోసం. గుడ్డు పగిలిన కొద్ది రోజులకి వచ్చే జోయియా దశలో పిల్లకి కీటోసెరస్, థలాసియోసిరా అనే ఆల్గే రకాలు తినిపిస్తాం, అవి లేకపోతే తర్వాతి దశ మైసిస్ దాకా రావు. కాబట్టి నూనె సంగతి పెద్దవాళ్ళు చెప్తారు, నాకు తెలిసింది నేను చెప్తా.

ఆల్గే పెరగడం తేలికే, మనకి కావలసిన ఆల్గేనే పెరగడం తేలిక కాదు. మేం సముద్రపు నీళ్ళు వడకట్టి, క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్ మళ్ళీ విరిచి, ఏసీ గదిలో చిన్న ఫ్లాస్కులో మొదలుపెడతాం. నైట్రేట్, ఫాస్ఫేట్, విటమిన్లు, కీటోసెరస్ లాంటి డయాటమ్‌లకైతే (గాజులాంటి పెంకు ఉండే ఆల్గేకి) సిలికేట్ కూడా. ఫ్లాస్కు నుంచి కార్‌బాయ్ అనే పెద్ద సీసాకి, అక్కణ్ణించి బయట ఫైబర్ ట్యాంకుకి. ప్రతి మెట్టు దగ్గరా ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద కణాలు లెక్కపెడతాం. బాగున్న కీటోసెరస్ ట్యాంకు పల్చటి టీ డికాషన్ రంగులో ఉంటుంది. అదే ట్యాంకులోకి ఎక్కణ్ణించో ఆల్గేని మేసే సూక్ష్మ జీవులు, నాలుగు రోటిఫర్లో, ప్రోటోజోవాలో చేరాయనుకో, రాత్రికి రాత్రి మేసేస్తాయి. పొద్దున్న చూస్తే నీళ్ళు తేటగా, అడుగున బూడిదలాంటి మడ్డి, పైన నురగ, ఒకరకమైన కుళ్ళు వాసన. ఆ ట్యాంకు పారబోసి కడుక్కుని మళ్ళీ ఫ్లాస్కు దగ్గర్నుంచి రావాల్సిందే. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే మాకే ఇలా ఉంటే ఆకాశం కింద ఎకరం చెరువులో, పక్షులు దిగే చోట, ఒకే రకం ఆల్గేని ఏడాదంతా నిలబెట్టడం అంటే ఎంత పనో ఆలోచించు. తేలినీలాపురం పక్షులు మీ ఊరి మీదుగానే కదా ఎగిరేది.

ఇంకో మాట, చాలామంది పట్టించుకోనిది. మేం నీళ్ళలోంచి ఆల్గేని వేరు చెయ్యం. నీళ్ళతో సహా లార్వా ట్యాంకులోకి పంపు చేసేస్తాం, పిల్లే ఏరుకుని తింటుంది. డీజిల్ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు, నీళ్ళలోంచి దాన్ని బయటికి తియ్యాలి. నూనె కోసం ఎక్కువగా చెప్పే నానోక్లోరాప్సిస్ అనే ఆల్గే కణం 2 నుంచి 4 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. మన పంచె గుడ్డ కాదు కదా, హేచరీలో వాడే మెష్‌లో కూడా ఆగదు. ఎలా తీస్తారో ముందు అది అడుగు.

కెమికల్ మాస్టారు (విజయనగరం):

బాబూ, నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్తాను. పై ఆయన చెప్పిన చివరి మాటే ఈ వ్యవహారం మొత్తానికి గుండెకాయ. కాస్త ఓపికగా చదువు, లెక్క వేసి చూపిస్తాను, నువ్వే క్యాలిక్యులేటర్ పెట్టి సరిచూసుకో.

ముందు ఆ 55 వేల లీటర్లు ఎక్కడివో చెప్తాను. న్యూజిలాండ్‌లో పనిచేసే యూసుఫ్ చిస్తీ అనే శాస్త్రవేత్త 2007లో రాసిన పత్రంలో ఒక పట్టిక ఉంది. అందులో హెక్టారుకి ఏడాదికి సోయాబీన్ 446 లీటర్లు, పామాయిల్ 5,950 లీటర్లు, ఆల్గే ఎండు బరువులో 30 శాతం నూనె ఉంటే 58,700, 70 శాతం ఉంటే 1,36,900 అని ఉంది. ఆ ఆఖరి అంకెని ఎకరాల్లోకి మారిస్తే 55 వేలు వస్తుంది. అంటే పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకెని తీసుకొచ్చి మీ మావయ్యగారి చేతిలో పెట్టారు. ఆల్గేలో 70 శాతం నూనె పుట్టించాలంటే మామూలుగా నైట్రోజన్ అందకుండా మాడ్చాలి. మాడితే నూనె పోగవుతుంది నిజమే, కానీ పెరుగుదల ఆగిపోతుంది. వేగంగా పెరిగేటప్పుడు నూనె తక్కువ, నూనె ఎక్కువున్నప్పుడు పెరుగుదల తక్కువ. రెండూ ఒకేసారి ఆరుబయట చెరువులో ఏడాది పొడుగునా రావు.

ఇప్పుడు మీ చెరువు లెక్క. ఆల్గే పెంచే చెరువుని రేస్‌వే పాండ్ అంటారు, పాతిక సెంటీమీటర్ల లోతు, పాడిల్ వీల్ నీళ్ళని తిప్పుతూ ఉంటుంది. బాగా నడిచే చెరువులో చదరపు మీటరుకి రోజుకి 15 గ్రాముల ఎండు ఆల్గే వస్తుందనుకుందాం, అది తక్కువేం కాదు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, కాబట్టి రోజుకి 60 కిలోలు. పావు వంతు నూనె అనుకుంటే 15 కిలోలు, అంటే సుమారు 16 లీటర్లు. ఏడాదికి 300 రోజులు ఏ తుపానూ రాకుండా, ఏ రోటిఫరూ పడకుండా నడిస్తే 4,900 లీటర్లు. పామాయిల్ తోట ఎకరాకి ఇచ్చేదానికి ఇది రెట్టింపు, ఆ మేరకు ఆల్గే గొప్పదే, కాదనను. కానీ బ్రోచర్లో ఉన్నదానికి పదకొండో వంతు. లీటరు వంద రూపాయలకి అమ్ముకున్నా రోజుకి 1,600 రూపాయలు, అదీ ఖర్చులేవీ తియ్యకముందు. పైగా బంకులో మనం కట్టే రేటులో పన్నులు కూడా ఉన్నాయి, నూనె తయారుచేసినవాడికి అంత రాదు.

ఖర్చుల్లోకి రా. చెరువు నీళ్ళలో ఆల్గే లీటరుకి అరగ్రాము ఉంటుంది. ఆ 60 కిలోలు తియ్యాలంటే రోజూ 1,20,000 లీటర్ల నీళ్ళు సెంట్రిఫ్యూజ్‌లోనో (గిర్రున తిప్పి వేరు చేసే యంత్రం), ఫిల్టర్‌లోనో పోవాలి. పటిక వేసి పేరబెట్టొచ్చు, రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ కూడా పనిచేస్తుంది, కానీ ఉప్పు నీళ్ళలో ఇవి మంచి నీళ్ళలో పనిచేసినంత బాగా పనిచెయ్యవు. ఈ కోత ఒక్కటే మొత్తం ఖర్చులో 20–30 శాతం దాకా తినేస్తుంది. తీసిన ముద్దలో ఇంకా ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. కిలో ఎండు ఆల్గే కోసం నాలుగు కిలోల నీళ్ళు ఆవిరి చెయ్యాలి, దానికి 9–10 మెగాజౌళ్ళ (శక్తిని కొలిచే లెక్క) వేడి కావాలి. కిలో ఎండు ఆల్గేలో ఉండే శక్తే 20–24 మెగాజౌళ్ళు. అంటే సగానికి దగ్గరగా ఆరబెట్టడానికే పోయింది. ఎండలో ఆరబెడతామంటారా, మన వైపు జూన్ నుంచి నవంబరు దాకా ఎన్ని రోజులు అలా కుదురుతుందో మీ ఊళ్ళో ఉప్పు మడులు చేసేవాళ్ళని అడిగితే చెప్తారు.

ఎరువు సంగతి ఇంకా ఉంది. ఎండు ఆల్గేలో సుమారు 7 శాతం నైట్రోజన్ ఉంటుంది. 60 కిలోలకి 4.2 కిలోల నైట్రోజన్, అంటే రోజుకి 9 కిలోల యూరియా. ఏడాదికి 45 కిలోల బస్తాలు అరవై. వరికి పంటకి రెండు మూడు బస్తాల యూరియా కోసమే సొసైటీ దగ్గర పొద్దున్నే లైను కడుతున్నాం. పైగా రైతుకిచ్చే సబ్సిడీ యూరియాని ఫ్యాక్టరీ పనికి వాడితే కేసు. కార్బన్ డయాక్సైడ్ కిలో ఆల్గేకి దాదాపు 1.8 కిలోలు కావాలి, రోజుకి 108 కిలోలు. గాలిలో ఉండేది 0.04 శాతం, అది ఆ వేగంతో చెరువులోకి దిగదు, బయటి నుంచి గొట్టాల్లో పంపించాలి. మీ ఊళ్ళో ఎక్కణ్ణించి తెస్తారు?

నీళ్ళు కూడా. వేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైతే ఎకరానికి 20,000 లీటర్లు. పోయిన నీటికి మళ్ళీ ఉప్పు నీళ్ళే పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది, మంచి నీళ్ళు పోయాలి. నౌపడలో మంచి నీళ్ళ బోరు ఎంత లోతులో పడుతుందో నీకే తెలుసు.

తీరం కుర్రాడు:

మాస్టారూ చాలా థాంక్స్, మీ లెక్క కాగితం మీద రాసి మావయ్యకి చూపించాను. అరవై బస్తాల యూరియా దగ్గర ఆగిపోయాడు, రెండుసార్లు తిరిగి చెప్పమన్నాడు. కానీ ఒక డౌటు. వాళ్ళు ఫోన్లో విమానం ఫొటో కూడా చూపించారు, అమెరికాలో ఆల్గే నూనెతో ప్యాసింజర్ విమానమే ఎగిరిందట. అదీ అబద్ధమేనా? పెద్ద పెద్ద ఆయిల్ కంపెనీలు డబ్బులు పెట్టాయి అంటున్నారు, వాళ్ళకి తెలీదా ఈ లెక్కలు?

కెమికల్ మాస్టారు (విజయనగరం):

అబద్ధం కాదు. 2011 నవంబరులో హ్యూస్టన్ నుంచి షికాగోకి ఒక బోయింగ్ 737 మామూలు జెట్ ఇంధనంలో 40 శాతం ఆల్గే ఇంధనం కలిపి ఎగిరింది. కానీ ఆ నూనె చెరువులో పండినది కాదు. సోలాజైమ్ అనే కంపెనీ ఉక్కు ట్యాంకుల్లో, చీకట్లో, ఆల్గేకి చక్కెర తినిపించి తీసింది. చెరుకు పండించి ఆ పంచదార ఆల్గేకి పెట్టి నూనె తీయడం అన్నమాట, మీ చెరువుకీ దానికీ పొంతనే లేదు. ఆ కంపెనీ ఆ తర్వాత ఇంధనం వదిలేసి తినే నూనెలు, సౌందర్య సాధనాల వైపు వెళ్ళింది, పేరు మార్చుకుంది, 2017లో దివాలా తీసింది.

ఆయిల్ కంపెనీల మాటంటావా, ఎక్సాన్ మొబిల్ 2009లో జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ స్థాపించిన సింథటిక్ జీనోమిక్స్ అనే కంపెనీతో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది. 2017లో నానోక్లోరాప్సిస్‌లో ఒక జన్యువుని సర్దుబాటు చేసి, పెరుగుదల పెద్దగా తగ్గకుండా నూనెని 20 శాతం నుంచి 40 శాతం పైకి తెచ్చారు. అది నిజంగా గొప్ప పని. అయినా 2023కి ఎక్సాన్ ఆ పని నుంచి తప్పుకుంది. అంతకుముందు అమెరికా ప్రభుత్వమే 1978 నుంచి 1996 దాకా ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ నడిపింది, మూడు వేలకి పైగా రకాలు సేకరించి, న్యూ మెక్సికోలో రాస్వెల్ దగ్గర వెయ్యి చదరపు మీటర్ల చెరువులు కట్టి పరీక్షించింది. పెరుగుతుంది, నూనె వస్తుంది, పెట్రోలియంతో ధరలో పోటీ పడలేదు అని తేలింది. వాళ్ళకి లెక్కలు తెలుసు కాబట్టే ఆగారు.

మెట్ట భూమి లక్ష్మి (మెరకముడిదాం):

మాస్టారి లెక్కలు నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ ఐదేళ్ళు మేమే కొంటాం అనే ఆ అగ్రిమెంట్ మాట చదవగానే ఒళ్ళు మండింది, అందుకే రాస్తున్నా.

జట్రోఫా, గింజల నూనెతో డీజిల్ చేస్తామన్న ఆ మొక్క, ఎవరికైనా గుర్తుందా? 2003లో కేంద్రంలో బయోడీజిల్ మిషన్ అన్నారు, ఆ తర్వాత 2009 పాలసీలో 2017కల్లా డీజిల్లో 20 శాతం బయోడీజిల్ కలుపుతాం అని రాశారు. అప్పుడూ ఇవే మాటలు. బీడు భూమిలో పండుతుంది, నీళ్ళు అక్కర్లేదు, మేకలు తినవు, గింజ మేమే కొంటాం. మా ఊరి మెట్టల్లో ఒక కంపెనీ మాట నమ్మి చాలామంది వేశారు, కొందరు ఉన్న జీడిమొక్కలు తీసేసి మరీ వేశారు. నీళ్ళు లేకుండా చెట్టు బతికింది గానీ కాయ కాయలేదు. కాసిన నాలుగు గింజలు సంచుల్లో కట్టి వరండాలో పెట్టి కంపెనీ లారీ కోసం ఎదురు చూశారు. లారీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అగ్రిమెంట్ కాగితం మీద ఉన్న ఆఫీసు అడ్రసుకి హైదరాబాదు దాకా వెళ్ళినవాళ్ళకి అక్కడ వేరే బోర్డు కనపడింది. చివరికి చెట్లు పీకించడానికి ట్రాక్టరు ఖర్చు కూడా రైతుదే.

జట్రోఫా చెడ్డ మొక్క అని నేననట్లేదు. సైన్సు ఎక్కడ దాకా వచ్చిందో అది చెప్పకుండా, పండాక కొనే ఫ్యాక్టరీ ఎక్కడుందో చూపించకుండా, మొత్తం రిస్కు రైతు నెత్తిన పెట్టడం తప్పు అంటున్నా. తమ్ముడూ, నీ ప్రశ్నల్లో ఇది మొదటిది అవ్వాలి: ఈ ఆల్గే నుంచి డీజిల్ తీసే ప్లాంటు ఎక్కడుంది, ఎన్ని లీటర్లు తీస్తోంది, ఎవరికి అమ్ముతోంది, బస్సు చార్జీలు మేం పెట్టుకుంటాం, తీసుకెళ్ళి చూపించండి. ప్లాంటు లేనప్పుడు కొంటామనే మాటకి విలువ లేదు. అత్తగారి టెన్షన్ నూటికి నూరు పాళ్ళు న్యాయమైనది, ఆవిడ మాట వినండి.

పచ్చనీళ్ళు (ఎచ్చెర్ల):

నేను మైక్రో ఆల్గే మీదే పరిశోధన చేస్తున్నా. లక్ష్మిగారు చెప్పినదానితో వంద శాతం ఏకీభవిస్తా, ఆ డిపాజిట్ కట్టొద్దు. కానీ ఈ చర్చ చదివినవాళ్ళు ఆల్గే అంటేనే మోసం అనుకుని వెళ్ళిపోతే నాకు బాధ. మాస్టారి లెక్క తప్పని కాదు, ఆయన లెక్క డీజిల్ కోసం మాత్రమే చెరువు తవ్వితే ఎలా ఉంటుందో చెప్తుంది.

అదే చెరువులోకి మురుగునీళ్ళు వదిలితే చూడండి. పట్టణం మురుగులో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఊరికే పోతున్నాయి. అరవై బస్తాల యూరియా అక్కడే దొరుకుతుంది, పైగా నీళ్ళు శుభ్రమవుతాయి, మురుగు శుద్ధికి మున్సిపాలిటీ ఎలాగూ డబ్బు ఖర్చు పెట్టాలి. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950లలోనే ఈ పద్ధతి మొదలుపెట్టాడు. స్పెయిన్‌లో చిక్లానా అనే ఊళ్ళో ఊరి మురుగుతో ఆల్గే పెంచి, దాన్ని ఆరబెట్టకుండా పచ్చిగానే మన గోబర్ గ్యాస్ పద్ధతిలో పులియబెట్టి మీథేన్ తీసి కార్లు నడిపారు. నూనె కోసం మాడ్చక్కర్లేదు, ఒకే రకం ఆల్గే ఉండాలన్న పట్టింపూ లేదు, ఏది పెరిగితే అది గ్యాసే. రోటిఫర్ వచ్చి తిన్నా ఆ రోటిఫర్ కూడా గ్యాసు తొట్టె (డైజెస్టర్) లోకే వెళ్తుంది. శ్రీకాకుళం ఊరి మురుగు నాగావళిలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాం, అక్కడ పెట్టాల్సింది ఇది. కానీ అది పెట్టాల్సింది మున్సిపాలిటీ, ప్రభుత్వం. అప్పు చేసి మీ మావయ్య కాదు.

ఆరబెట్టే శక్తి గురించి మాస్టారూ, హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ వదిలేశారు మీరు. తడి ముద్దని 300–350 డిగ్రీల దగ్గర, 200 బార్ వరకు ఒత్తిడిలో (మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండు వందల రెట్లు) ఉడికిస్తే ముడి చమురు లాంటిది వస్తుంది, ఎండబెట్టే పనే లేదు. నూనె ఒక్కటే కాదు, ప్రోటీన్, పిండి పదార్థం కూడా కొంత చమురుగా మారతాయి.

మన దేశంలో కూడా పని జరగలేదని కాదు. భావనగర్‌లో సీఎస్‌ఐఆర్ వారి ఉప్పు, సముద్ర రసాయనాల సంస్థ సముద్రపు ఆల్గేతో బయోడీజిల్ చేసి బండి నడిపి చూపించింది. 2018 జాతీయ జీవ ఇంధన విధానంలో ఆల్గే పేరు ఉన్నమాట నిజమే. కానీ పాలసీలో పేరుండటం అంటే పరిశోధనకి దారి తెరవడం, మీ చెరువుకి ధర గ్యారంటీ ఇవ్వడం కాదు.

కెమికల్ మాస్టారు (విజయనగరం):

లిక్విఫాక్షన్ నాకు తెలుసమ్మా, కావాలనే రాయలేదు. 200 బార్ ఒత్తిడి తట్టుకునే రియాక్టరు, దాన్ని నడిపే మనిషి, తుప్పు పట్టని లోహం, ఇవన్నీ నాలుగెకరాలకి పెట్టేవి కావు. పైగా ప్రోటీన్ కూడా చమురులోకి వస్తే నైట్రోజన్ కూడా వస్తుంది, దాన్ని మళ్ళీ హైడ్రోజన్‌తో తీసెయ్యాలి. మురుగు, గ్యాసు సంగతిలో మాత్రం నువ్వు చెప్పిందే సరైనది, నా విద్యార్థులకి ఈసారి ప్రాజెక్టుగా అదే ఇస్తాను. నాగావళి ఒడ్డున ఒక చిన్న చెరువుకి అనుమతి దొరికితే మీ వైపు నుంచి ఎవరైనా కలుస్తారా?

పచ్చనీళ్ళు (ఎచ్చెర్ల):

తప్పకుండా మాస్టారూ, మెసేజ్ పెడతాను.

తీరం కుర్రాడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. లక్ష్మక్క చెప్పినట్టే వాళ్ళకి ఫోన్ చేసి ప్లాంటు చూపించమన్నాను. ముందు డిపాజిట్ కట్టండి, బ్యాచ్ నిండాక అందర్నీ కలిపి తీసుకెళ్తాం అన్నారు. ఏ రకం ఆల్గే, కోత ఎలా అని అడిగితే అది కంపెనీ సీక్రెట్ అట. మావయ్య స్పీకర్లో విని ఫోన్ పెట్టెయ్యమన్నాడు. డిపాజిట్ కట్టట్లేదు.

కానీ చెరువులు ఖాళీగానే ఉన్నాయి. ఇంధనం కాకుండా వేరే ఆల్గే ఏదైనా అమ్ముకోవడానికి పెంచొచ్చా? స్పిరులినా అంటున్నారు. ఉప్పు మడుల్లో ఆఖరి మడి నీళ్ళు ఎర్రగా అవుతాయి, అది కూడా ఆల్గేనే, చాలా ఖరీదు అని ఎక్కడో చదివాను.

పచ్చనీళ్ళు (ఎచ్చెర్ల):

ఆ ఎరుపులో డునాలియెల్లా అనే ఆల్గే ఉంటుంది, దాంతోపాటు ఉప్పుని ఇష్టపడే సూక్ష్మజీవులు కూడా. డునాలియెల్లా నుంచి బీటా కెరోటిన్ (క్యారెట్‌కి రంగునిచ్చే పదార్థం) తీస్తారు, ఆస్ట్రేలియాలో హట్ లగూన్ దగ్గర పెద్ద ఎత్తున చేస్తున్నారు. అంత ఉప్పులో రోటిఫర్లు బతకవు కాబట్టి కల్చర్ నిలబడుతుంది, అది దాని బలం. కిలో ధర డీజిల్‌తో పోల్చే పనే లేదు. కాకపోతే శుద్ధి చేసే ప్లాంటు, నాణ్యత పరీక్షలు, కొనే మందుల కంపెనీ ఉండాలి. నౌపడ లాంటి చోట ప్రభుత్వ సంస్థ ఏదైనా ముందుకొచ్చి ఉప్పు రైతులందరితో కలిపి చెయ్యాల్సిన పని అది, ఒక్క ఇంటి వల్ల కాదు.

స్పిరులినా, తినడానికి పొడిగా అమ్మే ఆల్గే, దారం లాగా పొడుగ్గా ఉంటుంది, గుడ్డతో వడకట్టొచ్చు, అందుకే పల్లెల్లో కూడా చెయ్యగలుగుతున్నారు. ఎండు బరువులో 60 శాతం దాకా ప్రోటీన్, నూనె మాత్రం చాలా తక్కువ, ఇంధనానికి పనికిరాదు. తమిళనాడులో ఊనైయూర్‌లో ప్యారీ వాళ్ళు చాలాకాలంగా పెంచుతున్నారు. దానికి సోడియం బైకార్బొనేట్ కలిపిన క్షార నీళ్ళు కావాలి, పీహెచ్ 9 నుంచి 10 పైన. మట్టి చెరువులో కుదరదు, సిమెంటు తొట్టెలో లైనర్ వేసి చెయ్యాలి. మనుషులు తినేది కాబట్టి ఫుడ్ లైసెన్స్ ఉండాలి. కొనేవాడు ముందు దొరికితేనే చిన్న తొట్టెతో మొదలుపెట్టండి.

ఆల్గే ల్యాబ్ (పూసపాటిరేగ):

తమ్ముడూ, నన్నడిగితే స్పిరులినా జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. మీవి ఉప్పు నీటి మట్టి చెరువులు, వాటికి తగ్గది పండుగప్ప గానీ పీత గానీ. పండుగప్పకి వైట్ స్పాట్ రాదు, లోకల్ మార్కెట్ ఉంది, అమెరికా వాడి సుంకంతో పని లేదు. పీతకి వైట్ స్పాట్ అంటుతుంది, అది గుర్తుంచుకో. పిల్ల, మేత ఖర్చు కనుక్కుని లెక్క వేసుకుని అప్పుడు చూడండి.

ఈలోపు చెరువు ఖాళీగా ఉంది కదా, ఆ టైము పోనివ్వకు. ఈహెచ్‌పీ బీజాలు అడుగు మట్టిలో ఉండిపోతాయి, మామూలు ఎండకి పోవు. నల్లమట్టి పైపొర తీయించి, బాగా ఎండనిచ్చి, లోతుగా దున్నించి కాల్చిన సున్నం వేయించు, కాల్చని గుల్ల పొడి కాదు, నీళ్ళు పడితే వేడెక్కే సున్నం. మట్టి పీహెచ్ ఒక్కసారి 12 దాకా ఎక్కాలి. సున్నం జల్లేటప్పుడు మావయ్యని కళ్ళకి అద్దాలు, కాళ్ళకి బూట్లు వేసుకోమను. నీళ్ళు పెట్టే ముందు ఒక శాంపిల్ పట్టుకుని ఇటు రా, ఆదివారం నేను ల్యాబ్‌లోనే ఉంటా, మైక్రోస్కోప్ కింద చూసి చెప్తా.